కర్ర పట్టుకున్నవాళ్లే మాట్లాడాలి

ఈ పనిలోకి కొత్తగా వచ్చే బిడ్డలకు ట్రైనింగులో గోడకు పెద్ద కాగితం అంటించి, రంగు పెన్నులతో బొమ్మ వేసి చూపిస్తారు. దెబ్బ తిన్నవాళ్లు ఇటు, దెబ్బ కొట్టినవాళ్లు అటు, మధ్యలో మనం. ఆ బొమ్మలో ముగ్గురూ నవ్వుతుంటారు. ఇరవై ఏళ్లకు పైగా పెబ్బేరు చుట్టుపక్కల ఊళ్లలో మహిళా సంఘం తరఫున నేను ఈ పనే చేశాను. నవ్వుతూ వచ్చినవాళ్లను ఒక్కరినీ చూడలేదు. నవ్వుతూ పోయినవాళ్లు కూడా తక్కువే.

నేను చదివింది ఐదో తరగతి. రాయడం కన్నా చెప్పడం నాకు సులువు. అందుకే ఇది చెప్పినట్టే రాస్తున్నాను. ఎప్పుడు ఏ కాగితం నింపాలో, ఎవరి సంతకం తీసుకోవాలో ఆఫీసువాళ్లు చెబుతారు. వాళ్లు చెప్పనివి నాకు గుర్తున్నంత వరకు చెబుతాను.

మా పని పేరు కాగితం మీద చాలా పొడుగు. ఊళ్లో మాత్రం ‘మణెమ్మ పంచాయితీ’ అనేవారు. మణెమ్మ నేనే. ఇది పంచాయితీ కాదని ఎన్నిసార్లు చెప్పానో. పంచాయితీలో తప్పు ఎవరిదో తేల్చి ఒకరి మెడ వంచుతారు. మేము అలా చేయం. కొట్టినవాడిని, దెబ్బ తిన్నవాడిని ఒకచోట కూర్చోబెట్టి, చెడిపోయింది ఏమిటి, అందులో బాగుపడేది ఏమిటి అని అడుగుతాం. ఠాణాలో రాసుకున్న కేసు దాని దారిన అది కోర్టుకు పోతుంది. దాన్ని మేము ఆపం, ఆపమని ఎవరినీ అడగం. కానీ కోర్టు ఏం చెప్పినా మర్నాడు పొద్దున ఆ ఇద్దరూ ఒకే బోరింగు దగ్గర బిందె పెట్టాలి కదా. ఆ బోరింగు దగ్గర జరిగేదే మా పని.

ముందుగా ఒప్పుకోవాల్సింది

పనిలో చేరిన రెండో ఏడు ఒకామె మొగుడి దెబ్బలు తట్టుకోలేక పుట్టింటికి వచ్చేసింది. ఆమె పేరు రాయను. ఇద్దరినీ కూర్చోబెట్టాను. అతను ఏడ్చాడు, ఆమె కాళ్లు పట్టుకున్నాడు. అతన్ని చూసి నేనూ ఏడ్చాను. ఆమె మాత్రం ఏడవలేదు. అది నేను గమనించలేదు. ‘పో బిడ్డా, మారిండు’ అని ఆటో ఎక్కించాను. నెల తిరగకుండానే చేతికి సిమెంటు కట్టుతో నా గడపలో నిలబడింది.

“నువ్వు పొమ్మంటేనే గద అక్కా పోయిన” అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం బాగుండేది.

ఆమెను మళ్లీ ఆ ఇంటికి పంపలేదు. కేసు నడిచినన్ని రోజులు నేనే తోడు వెళ్లాను. ఆ తర్వాత నాకు నేను ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. ఏడ్చేవాడిని చూసి ఏదీ నిర్ణయించకూడదు, భయపడేవాళ్లను చూసి నిర్ణయించాలి. భయం పోయిందా లేదా అన్నదే లెక్క. మా పై సారు ప్రతి నెలా ‘ఈసారి రాజీలు తక్కువయ్యాయి, మణెమ్మా’ అని, ఊళ్లో జనం సరిపడా తన్నుకోవడం లేదన్నట్టు బాధపడేవాడు. ఆయన కాగితంలో రెండే గడులు: రాజీ అయ్యింది, రాజీ కాలేదు. భయం రాసుకోవడానికి గడి లేదు. మీ కాగితంలోనూ ఉండదు. అది మీరే గుర్తు పెట్టుకోవాలి.

ఇక నేను అన్నిటికంటే ఎక్కువ నేర్చుకున్న కేసు చెబుతాను. అందులోనూ తప్పు నాదే. ఆ తప్పు తలుచుకుంటే ఇప్పటికీ ఇంట్లో ఒక్కదాన్నే నవ్వుకుంటాను. వెంటనే సిగ్గేస్తుంది.

బాలకిష్టయ్య వీపు

బాలకిష్టయ్య, కుర్మయ్య బావాబామ్మర్దులు. బాలకిష్టయ్య చెల్లెలు సత్తెమ్మను కుర్మయ్యకు ఇచ్చారు. రెండు ఇళ్లూ ఒకే వీధిలో ఎదురెదురుగా ఉంటాయి. ఇద్దరికీ తలా ఒక ఎద్దు. రెండూ కలిస్తేనే జత. ఇప్పుడు దున్నడానికి ట్రాక్టర్లు వచ్చాయి కానీ, పత్తి మొలిచాక సాళ్ల మధ్య గడ్డి పోవాలంటే గుంటుక తోలాలి, గుంటుకకు ఎద్దులు కావాలి. ఒక వారం ఇతని చేను, ఒక వారం అతని చేను. ఇలా ఏళ్ల తరబడి నడిచింది.

ఆ ఏడు మొదటి గుంటుక రోజు. బాలకిష్టయ్య ముందు పగ్గం పట్టుకుని ఎద్దులను నడిపిస్తున్నాడు. కుర్మయ్య వెనక గుంటుక మీద ఉన్నాడు. పక్క సాళ్లలో కూలి ఆడవాళ్లు కలుపు తీస్తున్నారు. ఉన్నట్టుండి కుర్మయ్య చేతిలోని, ఎద్దులను తోలే ముల్లుగర్ర మొదలు వచ్చి బాలకిష్టయ్య తల వెనక పడింది. వనపర్తి దవాఖానలో ఎనిమిది కుట్లు వేశారు.

“ఎద్దును కొట్టబోయిన. అది తల దించె. దెబ్బ బామ్మర్దికి తాకె.” దవాఖానలో డాక్టరుకు, ఠాణాలో సారుకు, వకీలుకు, ఊరందరికీ కుర్మయ్య ఈ ఒక్క మాటే చెప్పాడు. ఒక్క అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు.

గుంటుక దగ్గర నిలబడినవాడు ఎద్దు తోక దాటి, వీపు దాటి, మెడ మీది కాడి దాటి, కొమ్ములు దాటి ముందుకు నడిచి పోతే తప్ప ఆ కర్ర బాలకిష్టయ్యకు అందదు. అది చిన్న పిల్లలకూ తెలుసు. అయినా ఎవరూ ఆ మాట అనలేదు. సొంత బావ కావాలని కొట్టాడనడం కన్నా ఎద్దు తల దించిందనడం అందరికీ సులువుగా ఉంది. ఆ ఎద్దును చూసి ‘గిదేనా’ అని జనం తలలు ఊపి పోయేవారు.

కుట్లు విప్పారు, గాయం మానింది. కానీ బాలకిష్టయ్య ఎవరికీ వీపు చూపించడం మానేశాడు. ఎక్కడ కూర్చున్నా గోడకు ఆనుకోవాలి. గోడ లేనిచోట కూర్చోడు. ఆటోలో అందరికన్నా వెనక ఎక్కుతాడు. గుడికి పోతే దేవుడికి దండం పెట్టి, అలాగే వెనక్కి నడుచుకుంటూ బయటికి వస్తాడు. భక్తి పెరిగిందని పూజారి మెచ్చుకున్నాడు. మంగలి దగ్గర కూర్చుంటే ముందు నుంచి మాత్రమే కత్తిరించమన్నాడు. నేను మొదటిసారి చూసినప్పుడు అతనికి ముందు నున్నగా, వెనక మెడ మీదికి జుట్టు ఉంది. నాటకం మధ్యలో వేషం తీసేస్తున్న మనిషిలా ఉన్నాడు.

“నీకేం కావాలె తమ్ముడూ?” అని అడిగాను.

“నన్ను కావాలని కొట్టినా అని చెప్పాలె.”

“అంటే శిక్ష ఎక్కువ పడాలనా?”

“శిక్ష గిక్ష నాకొద్దక్కా. కావాలని కొట్టిండంటే, ఒక్క మనిషి, ఒక్క కోపం. ఆయనతోని జాగ్రత్తగుంట, అయిపాయె. ఎద్దుకు కొట్టిన దెబ్బ నాకు తగిలిందనుకో, రేపు ఎవ్వడు దేన్ని కొట్టబోయినా నాకే తగుల్తది. దున్నపోతును కొట్టినా నాకే, తలుపును కొట్టినా నాకే. ఎంతమంది దిక్కు జూసుకుంట తిరగాలె?”

ఏ చదువూ లేని మనిషి చెప్పిన ఈ మాటను ఏ ట్రైనింగులోనూ వినలేదు. మీరు రాసుకోండి. దెబ్బ తిన్నవాళ్లకు కావలసింది క్షమాపణ అని మనం అనుకుంటాం. చాలాసార్లు వాళ్లకు కావలసింది జరిగిందానికి ఒక కారణం, ఒక మొహం.

గుండ్రంగా కూర్చోవడం

ఆ మధ్యనే నాగర్‌కర్నూల్‌లో మాకు మూడు రోజుల ట్రైనింగు అయింది. హైదరాబాదు నుంచి ఒక మేడం వచ్చింది. మంచి మనిషి, మెత్తగా మాట్లాడేది. అందరూ గుండ్రంగా కూర్చోవాలి, ఎవరూ ఎక్కువ కాదు, తక్కువ కాదు అని చెప్పింది. చేతిలో గుడ్డతో కుట్టిన ఒక చిలుక పెట్టుకుంది. చిలుక ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి, మిగతావాళ్లు నోరు మూసుకుని వినాలి. మాట్లాడడం అయ్యాక పక్కవాళ్లకు ఇవ్వాలి. చివరికి మీటింగు పెట్టినవాళ్లు ‘ఇక ముగిసింది’ అని చెప్పి ముగించాలి. మొదలుపెట్టే ముందు ఈ నియమాల కింద అందరితో సంతకాలో వేలిముద్రలో తీసుకోవాలి. నాకు మస్తు నచ్చింది. మా ఊళ్లలో నలుగురు కూర్చుంటే ఐదుగురు ఒకేసారి మాట్లాడతారు.

బాలకిష్టయ్య కేసులో ఇదే చేద్దామనుకున్నాను. సంఘం గదిలో చాప పరిచాను. కుర్మయ్య, సత్తెమ్మ, బాలకిష్టయ్య, ఊరి పెద్దమనిషి ఒకాయన, నేను. మొత్తం ఐదుగురం.

“గుండ్రంగ కూసోవాలె” అన్నాను.

పెద్దమనిషి నిలబడే ఉన్నాడు. “గుండ్రంలో పెద్దమనిషి కూసునేది యాడ?”

“యాడైనా ఒకటే, పెదనాయనా. గుండ్రానికి తల ఉండదు.”

“తల లేకుంటే నన్నెందుకు పిలిస్తివి?” అని చాప చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎక్కడా ఎత్తు కనిపించక, చివరికి గడప మీద కూర్చున్నాడు.

బాలకిష్టయ్య పోయి గోడకు ఆనుకున్నాడు. అతను గోడకు ఆనుకున్నాడని సత్తెమ్మ కూడా ఎదురుగోడకు ఆనుకుంది, ఒక్కడే అలా కూర్చుంటే అన్న చిన్నబోతాడని. భార్య కూర్చుందని కుర్మయ్య ఆమె పక్క గోడకు చేరాడు. చాప మీద నేనొక్కదాన్నే మిగిలాను. గుండ్రంగా కాదు, నలుచదరంగా అయింది.

నియమాలు చదివి వినిపించాను. అందరూ వేలిముద్రలు వేశారు. అప్పుడు చూసుకుంటే మేడం నాకు ఇచ్చిన గుడ్డ చిలుక ఇంట్లోనే మర్చిపోయాను. ‘చేతిలో పట్టుకునేదేదైనా ఉంటే ఇవ్వండి’ అన్నాను. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కుర్మయ్య చేను నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. పక్కన పెట్టుకున్న ముల్లుగర్ర మెల్లగా నా ముందుకు తోశాడు.

“ఇది ఉంటది అక్కా.”

“మంచిది” అన్నాను నేను. ఆ మాట అన్నది నేనే.

కర్ర

కర్ర పట్టుకుని నేను ముందు మాట్లాడాను. మంచి మాటలు చాలా చెప్పాను. గది చాలా నిశ్శబ్దంగా ఉంది. మేడం చెప్పినట్టే వింటున్నారు కదా అని పొంగిపోయాను. తర్వాత సత్తెమ్మకు ఇచ్చాను. ఆమె కర్రను రెండు వేళ్లతో పట్టుకుంది, కాలుతున్నదాన్ని పట్టుకున్నట్టు.

“నాకు ఇద్దరూ గావాలె. ఆ ఎద్దుకే నోరుంటే ఈపాటికి ఇద్దర్నీ తిట్టేది. గంతే” అని మొగుడికి ఇచ్చేసింది.

కుర్మయ్య నేల చూస్తూ తన మాట చెప్పాడు. ఎద్దును కొట్టబోయిన, అది తల దించె, దెబ్బ బామ్మర్దికి తాకె. కర్రను మోకాళ్ల మీద జరుగుతూ పోయి బాలకిష్టయ్యకు అందించాడు.

బాలకిష్టయ్య దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. ముల్లు ఉన్న కొస చూశాడు. తిప్పి లావుగా ఉన్న మొదలు చూశాడు. దాని మీద బొటనవేలు ఆనించి చాలాసేపు రుద్దాడు.

“చెప్పు తమ్ముడూ” అన్నాను.

“నువ్వు మాట్లాడొద్దక్కా. కర్ర నా చేతిల ఉంది.”

నేను నోరు మూసుకున్నాను. నియమం నాదే కదా. అతను లేచాడు. కర్ర రెండు చేతులతో పట్టుకుని, మా అందరి మొహాలు చూస్తూ, వెనక్కి నడుచుకుంటూ గడప దాటి వెళ్లిపోయాడు. గడప మీద ఉన్న పెద్దమనిషి అతనికి దారి ఇవ్వడానికి పక్కకు ఒరిగి, మళ్లీ సర్దుకుని కూర్చున్నాడు.

అతను వీధి మలుపు తిరిగాక పెద్దమనిషి నెమ్మదిగా అన్నాడు: “అది గదే కర్ర, బిడ్డా.”

“గదే అంటే?”

“కొట్టిన కర్ర.”

కుర్మయ్యను చూశాను. “ఠాణావాళ్లు తీసుకపోలేదా?”

కుర్మయ్య తల అడ్డంగా ఊపాడు. సత్తెమ్మ చెప్పింది: “ఇంట్ల ఇంకో కర్రుంటే గది ఇచ్చిండక్కా. ఇది చండ్ర కర్ర గద, మంచిదని ఉంచుకున్నడు.”

“మరి నేను అందరికీ ఇస్తుంటే ఎవ్వరూ చెప్పలేదేంది?”

“నీకు తెల్వదా?” అన్నాడు పెద్దమనిషి. “కావాలని పెట్టినవనుకున్నం. గీ ట్రైనింగులు గిట్లనే ఉంటయేమో అని.”

కొత్తగా వచ్చే బిడ్డలకు ఇది గట్టిగా చెబుతున్నాను. మీ చేతిలో కాగితం ఉంటే చాలు, మీరు చేసే తప్పును కూడా జనం తెలివి అనుకుంటారు. ఎవరూ మిమ్మల్ని ఆపరు. ఏ వస్తువైనా ముట్టుకునే ముందు ‘ఇది ఎక్కడిది’ అని అడగండి.

మాట లేని ఇల్లు

మూడో రోజు సత్తెమ్మ నా దగ్గరికి వచ్చింది.

“అక్కా, మా ఆయన మాట్లాడుతలేడు.”

“అలిగిండా?”

“అలగలే. నువ్వు జెప్పినవ్ గద, కర్ర ఉన్నోళ్లే మాట్లాడాలె, మీటింగు ముగిసిందని నువ్వు జెప్పేదాంక అని. కర్ర మా అన్న దగ్గరుంది. నువ్వు ముగియలే. ఆయన వేలిముద్ర ఏసిండు.”

నిజమే, మీటింగు నేను ముగించలేదు. ముగించాలంటే మాట్లాడాలి, మాట్లాడాలంటే కర్ర నా చేతిలో ఉండాలి.

“మొదటి రెండు రోజులు నాకు మస్తు సుఖమనిపించింది” అంది సత్తెమ్మ. “అన్నం పెడితే తింటడు, ఉప్పు తక్కువైనా తిట్టడు. ఇయ్యాల మాత్రం భయమైతుంది. ఎద్దుతోని గూడ మాట్లాడుతలేడు.”

పోయి చూశాను. కుర్మయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను ఎదురుగా నిలబడి, మీటింగు ముగిసింది, ఇక మాట్లాడొచ్చు అన్నాను. అతను నా చేతులు చూశాడు. రెండూ ఖాళీ. తల అడ్డంగా ఊపాడు. ఎదురింట్లో బాలకిష్టయ్య గోడకు ఆనుకుని, ఒళ్లో కర్ర పెట్టుకుని మమ్మల్నే చూస్తున్నాడు. అతని దగ్గరికి పోయి కర్ర ఇమ్మన్నాను.

“ఇయ్యను. ఇది ఆయన చేతిలకు పోకుంటే చాలు.”

“మరి నువ్వన్నా మాట్లాడు. కర్ర నీ దగ్గరే ఉందిగా.”

“నాకు జెప్పాల్సిందేం లేదక్కా. ఇనాల్సిందే ఉంది.”

దెబ్బ తిన్నవాడి దగ్గర మాట్లాడే హక్కు ఉంది, చెప్పాల్సింది లేదు. కొట్టినవాడి దగ్గర చెప్పాల్సింది ఉంది, హక్కు లేదు. ఇద్దరికీ మధ్య నేను పెట్టిన నియమం ఉంది.

హైదరాబాదు మేడంకు ఫోన్ చేశాను. మొత్తం విని, ‘వస్తువు మార్చండి, మెత్తటిది వాడండి’ అంది. గుడ్డ చిలుక తీసుకుపోయి కుర్మయ్య చేతిలో పెట్టాను. యాభై ఏళ్ల రైతు, మీసాలు, భుజాన తువ్వాల, చేతిలో పచ్చ చిలుక. చిలుకను చూశాడు, నన్ను చూశాడు, జాగ్రత్తగా నా సంచిలోనే తిరిగి పెట్టాడు. వీధిలో పోయే వాళ్లు ఆగి చూశారు. సిగ్గుతో ఆ పూట నేను ఎవరి ఇంట్లోనూ నీళ్లు కూడా తాగలేదు.

ఈలోగా వాన పడింది. పత్తి సాళ్లలో గడ్డి మోకాళ్లకు వచ్చింది. ఒక ఎద్దు ఈ ఇంట్లో, ఒక ఎద్దు ఆ ఇంట్లో, రెండూ ఒకదాన్నొకటి చూస్తూ నెమరేస్తున్నాయి.

సత్తెమ్మ ఓపిక పదో రోజుకు అయిపోయింది. అన్న స్నానం చేస్తుంటే ఇంట్లోకి పోయి కర్ర తెచ్చి, ముక్కలు చేసి, నీళ్ల కాగు కింద పెట్టి కాల్చేసింది. ఆ వేడినీళ్లు తెచ్చి మొగుడి ముందు దించి, “కర్ర కాలింది. ఇగ మాట్లాడు” అంది.

కుర్మయ్య కాసేపు ఆలోచించాడు. పొయ్యిలోని బూడిద చూపించాడు, రెండు చేతులూ తిప్పి ఖాళీగా ఉన్నాయని చూపించాడు. కర్ర కాలింది కాబట్టి ఇక ఎవరి చేతికీ రాదు. ఎవరి చేతికీ రాదు కాబట్టి ఇక ఎవరూ ఎప్పటికీ మాట్లాడకూడదు.

సత్తెమ్మ వచ్చి ఇది చెప్పినప్పుడు నాకు నవ్వు వచ్చింది, ఆ వెంటనే విషయం అర్థమైంది. ఇతను నియమం పాటించడం లేదు, నా నియమం వెనక దాక్కున్నాడు. ఎద్దు తల దించిందని చెప్పీ చెప్పీ అలసిపోయినవాడికి, ఇక చెప్పక్కర్లేని చోటు ఒకటి నేనే కట్టి ఇచ్చాను. కూర్చుని హాయిగా ఉన్నాడు. మనం మంచి కోసం పెట్టే ప్రతి పద్ధతిలోనూ తప్పు చేసినవాడు దూరేంత సందు ఉంటుంది. అది పెట్టేటప్పుడే వెతుక్కోండి.

పెబ్బేరు సంత

సంత రోజు పొద్దున సత్తెమ్మ ఫోన్.

“అక్కా, ఎద్దును అమ్మబోతుండు! పగ్గం పట్టుకొని పెబ్బేరు తొవ్వ పట్టిండు. ఎందుకని అడిగితే ఎద్దు తల మీద ఏలు పెట్టి చూపెట్టిండు. తప్పు జేసింది అదేనంట!”

నేను పెబ్బేరు చేరేసరికి సంత నిండిపోయింది. మా దిక్కు సంతలో బేరం నోటితో చెయ్యరు. అమ్మేవాడు, కొనేవాడు చేతులు కలిపి మీద తువ్వాల కప్పుతారు. కింద వేళ్లు పట్టుకుని, నొక్కి ధర చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియదు. మూగనోము పట్టిన మనిషి అంత హాయిగా అమ్మగలిగేది ప్రపంచంలో ఇదొక్కచోటే. కుర్మయ్య చెయ్యి అప్పటికే ఒక బేరగాడి తువ్వాల కింద ఉంది. ఇతను పన్నెండు రోజులుగా మాట్లాడలేదన్న సంగతి అక్కడ ఎవరికీ పట్టలేదు.

కాస్త దూరంలో ఒక ట్రాలీ ఆటోకు వీపు ఆనించి బాలకిష్టయ్య నిలబడి ఉన్నాడు. ఆ ఎద్దు పోతే జత పోయినట్టే, చేను గడ్డిపాలే. అయినా కదలడం లేదు. ఆటోకు, ఎద్దుకు మధ్య ఇరవై అడుగుల ఖాళీ ఉంది. నలువైపులా మనుషులు, ప్రతి మనిషి చేతిలో ఒక కర్ర.

అన్నను వెంటబెట్టుకుని వచ్చిన సత్తెమ్మ అతని పక్కకు పోయింది. “అన్నా, నేను నీ ఎనక నడుస్త. నడువు.”

“నువ్వు చిన్నదానివి. ఆగుతవా?”

“నా మీద పడ్డాకనే గద నీ మీద పడేది!”

అతను ఆటోను వదిలాడు. ఇరవై అడుగులు నడిచాడు, చెల్లెలు వెనక రెండు చేతులు చాపుకుని. నేను చూసిన నడకలన్నిటిలో అది పెద్దది. కుర్మయ్యకు ఎదురుగా వచ్చి, బేరగాడి చెయ్యి తువ్వాల కింది నుంచి లాగేసి, తన చెయ్యి పెట్టాడు.

“ఏయ్, నా బేరం నడుస్తుండె!” అన్నాడు బేరగాడు.

“జర ఆగన్నా. నాదొక్క మాటే.” బాలకిష్టయ్య బావ మొహంలోకి చూశాడు. “ధర అడుగుతలేను బావా. మాట్లాడకు, మంచిది. కొట్టబోయింది ఎద్దునైతే ఒక ఏలు నొక్కు. నన్నైతే రెండు నొక్కు. ఎవ్వనికీ కనబడది.”

తువ్వాల కదల్లేదు. ఎద్దు చెవులాడించింది. కుర్మయ్య మెడ నరాలు పైకి లేచాయి. నేను, సత్తెమ్మ, బేరగాడు ముగ్గురం ఆ తువ్వాలనే చూస్తున్నాం. కింద ఏం జరిగిందో నాకు కనబడలేదు. కనబడింది బాలకిష్టయ్య మొహం. పన్నెండు రోజులుగా, అంతకుముందు ఎన్ని రోజులుగానో బిగుసుకుపోయి ఉన్న దవడ వదులైంది.

“రెండు” అన్నాడు.

కుర్మయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి చూసి నేను ఏమీ అనుకోలేదు. ఎవరిని చూడాలో ఈసారి నాకు తెలుసు.

“ఎందుకు?” అన్నాడు బాలకిష్టయ్య.

దానికి వేళ్లు చాలవు. కుర్మయ్య దగ్గాడు, గొంతు సవరించుకున్నాడు. తుప్పు పట్టిన గడియ తీసినట్టు మాట వచ్చింది.

“నువ్వన్నవ్ గద... ఈ ఎద్దు గూడ మా బావ లెక్కనే, సగం సాలుకే నిలబడ్తది అని. కూలోళ్లందరు నవ్విరి.”

“గంతకే?”

“గంతకే. నడుసుకుంట ముంగటికొచ్చిన. ఎద్దు తల దించలే. అది ఉన్నకాడనే ఉండె. నేనే కొట్టిన.”

బాలకిష్టయ్య ఎద్దును చూశాడు. “నిజమే గద. నిలబడ్తది.”

“నిలబడ్తది” అన్నాడు కుర్మయ్య.

“మీది బేరమా, పంచాయితీయా?” అన్నాడు బేరగాడు. “సగం సాలుకు నిలబడే ఎద్దును నాకు అంటగడ్తుండ్రా? నాకొద్దు!” అని తువ్వాల లాక్కుని పోయాడు.

కుర్మయ్య తర్వాత కోర్టులో కూడా ఇదే చెప్పాడు. కొట్టింది నేనే, ఎద్దు తప్పు లేదు అని. వకీలు తల పట్టుకున్నాడట. దానికి కోర్టు ఏం చేయాలో అది చేసింది. అందులో నేను వేలు పెట్టలేదు. మీరూ పెట్టకండి. రాజీ అంటే శిక్ష తప్పించడం అనుకునేవాళ్లు ఈ పనికి పనికిరారు.

ఆ రోజు ఎద్దును తోలుకుని ఊరి దారి పట్టాం. బాలకిష్టయ్య మొదట అందరికన్నా వెనక నడిచాడు. కొంత దూరం పోయాక పక్కకు వచ్చాడు. ఎద్దు కుర్మయ్య మాట వినకుండా గడ్డికి పోతుంటే, విసుగొచ్చి తనే ముందుకు పోయి పగ్గం అందుకున్నాడు. పది అడుగులకు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తున్నాడు. ప్రతిసారీ కుర్మయ్య రెండు చేతులూ పైకెత్తి చూపిస్తున్నాడు, ఠాణాలో లొంగిపోయినవాడిలా. దారిన పోయే బండ్లవాళ్లు నవ్వుకుంటూ పోయారు. నేను, సత్తెమ్మ నవ్వలేదు.

కాలువ వంతెన మీదికి వచ్చేసరికి ఎద్దు సగంలో నిలబడిపోయింది. బాలకిష్టయ్య పగ్గం లాగాడు. రాలేదు. అదిలించాడు. రాలేదు. మళ్లీ రెండు చేతులతో పట్టి, వంగి, ఊరి వైపే చూస్తూ బలంగా లాగాడు. వెనక బావ ఉన్నాడు, బావ ముందు తన తల ఉంది. వెనక్కి తిరగకుండానే అరిచాడు:

“ఏం జూస్తున్నవ్ బావా! ఒక్కటెయ్యి!”